నేలవేము కషాయానికీ క్యాప్సూల్‌కీ మధ్య ఆల్కహాల్

"నేలవేముతో ఎలుకల్లో షుగర్ తగ్గింది", "కాలేయాన్ని కాపాడే నేలవేము" లాంటి వార్తలు పేపర్లలో, వాట్సాప్‌లో తరచూ కనబడుతూనే ఉంటాయి. చదివినవాళ్ళలో కొందరు మర్నాడే పెరట్లో నాలుగు ఆకులు తెంపి పరగడుపున నమలడం మొదలుపెడతారు. ఆ వార్తకు ఆధారమైన పరిశోధన పత్రాన్ని తెరిస్తే అందులో ఆకు నమిలిన ఎలుక ఎక్కడా ఉండదు. ఎండు ఆకుల పొడిని ఇథనాల్‌లోనో మిథనాల్‌లోనో (రెండూ ఆల్కహాల్ రకాలే) నానబెట్టి, వడగట్టి, ఆ ద్రవాన్ని ఆవిరి చేసేస్తే అడుగున ముదురు ఆకుపచ్చ రంగులో జిగురులాంటి పదార్థం మిగులుతుంది. ఎలుకలకు పట్టించేది దాన్ని. పత్రం శీర్షికలో 'ఇథనాలిక్ ఎక్స్‌ట్రాక్ట్' అని, అంటే ఇథనాల్‌తో తీసిన సారమని, స్పష్టంగానే రాసి ఉంటుంది. వార్తగా మారేసరికి ఆ రెండు మాటలు ఎగిరిపోయి 'నేలవేము' ఒక్కటే మిగులుతుంది.

ఇది చిన్న సవరణలా కనిపించినా చిన్నది కాదు. పచ్చి ఆకు, కషాయం, ఆసవం (పులియబెట్టిన మందు), టింక్చర్ (ఆల్కహాల్‌లో తీసిన ద్రవ సారం), క్యాప్సూల్ అన్నిటి మీదా నేలవేము పేరే ఉంటుంది కానీ లోపలికి వెళ్ళే మందు మోతాదులో పదుల రెట్ల తేడా ఉండొచ్చు. ఆ తేడాకు మొదటి కారణం ఆల్కహాల్.

మొక్క గురించి ఎక్కువ చెప్పనక్కర్లేదు. మోకాలెత్తు పెరిగే ఏకవార్షికం, తెల్లటి చిన్న పూల మీద ఊదారంగు మచ్చలు, నాలుక మీద పెడితే గంటసేపు వదలని చేదు. శాస్త్రీయ నామం ఆండ్రోగ్రాఫిస్ పానిక్యులేటా, ఉత్తరాదిలో కాల్‌మేఘ్. మన పల్లెల్లో జ్వరాలకు, కడుపులో పురుగులకు వాడడం పాత అలవాటే. ఆ చేదులో ముఖ్యభాగం ఆండ్రోగ్రాఫోలైడ్ అనే పదార్థానిది. దాన్ని 1911లో గోర్టర్ అనే శాస్త్రవేత్త శుద్ధంగా వేరుచేశాడు. కాండంలో తక్కువగా, ఆకుల్లో ఎక్కువగా ఉంటుంది. మొక్క పూతకు వచ్చే దశలో బాగా పెరుగుతుంది, అందుకే సాగు చేసేవాళ్ళు ఆ సమయానికే కోత పెట్టుకుంటారు. ఎండు ఆకులో అది ఒక శాతం ఉండొచ్చు, మూడు శాతమూ ఉండొచ్చు. నేల, కోసిన సమయం, ఎండబెట్టిన తీరు, నిల్వ ఉంచిన కాలం అన్నీ దాన్ని మారుస్తాయి.

ఆండ్రోగ్రాఫోలైడ్ నీళ్ళలో దాదాపు కరగదు. పసుపు నూనెలో వేస్తే రంగు దిగినట్టు నీళ్ళలో దిగదు కదా, ఇదీ ఆ తరహా పదార్థమే. ఇథనాల్‌లో, మిథనాల్‌లో మాత్రం బాగా కరుగుతుంది. ఆకును మరిగించినప్పుడు వేడికి కొంత బయటికి వస్తుంది, ఆకులోని ఇతర పదార్థాల సాయంతో కొంత నీళ్ళలో నిలబడుతుంది కూడా. చల్లారాక కొంత అడుగుకు చేరుతుంది. అంటే కషాయంలో అసలేమీ ఉండదని కాదు. ఎంత వచ్చిందో, ఎంత పిప్పిలోనే ఉండిపోయిందో ఇంట్లో తెలుసుకునే మార్గం లేదు.

"అంత చేదుగా ఉంది, మందు దిగకుండా ఎలా ఉంటుంది?" అని అడగొచ్చు. ఈ పదార్థం లేశమాత్రం ఉన్నా నాలుక పట్టేస్తుంది. కాబట్టి చేదును బట్టి మోతాదు లెక్కకట్టలేం. వాడేవాళ్ళలో మాత్రం ఎంత చేదైతే అంత గట్టి మందు అనే నమ్మకం బలంగా ఉంది.

ఆల్కహాల్‌తో తీసేటప్పుడు కూడా అన్ని ఆల్కహాల్‌లూ ఒకటి కావు. ఇథనాల్ శాతం పెరిగేకొద్దీ ఆండ్రోగ్రాఫోలైడ్‌తో పాటు పత్రహరితం, మైనం లాంటివి కూడా దిగుతాయి, సారం జిగురుగా తయారవుతుంది. నీళ్ళ వంతు పెరిగితే చక్కెరలు, పిండి లాంటి బరువైన అణువులు ఎక్కువగా వస్తాయి, అసలుది తగ్గుతుంది. అందుకే తయారీదారులు సాధారణంగా ఇథనాల్, నీళ్ళు కలిపి వాడతారు. ఎంత పాళ్ళలో కలిపారు, ఎంతసేపు నానబెట్టారు, చల్లగానా వేడిగానా అన్నదాన్ని బట్టి ఒకే మూటలోని ఆకు నుంచి రెండు వేర్వేరు సారాలు తయారవుతాయి. తర్వాత ఆల్కహాల్‌ను ఆవిరి చేసేస్తారు. క్యాప్సూల్ మింగినవాళ్ళ ఒంట్లోకి ఆల్కహాల్ వెళ్ళదు. 'ఆల్కహాల్ ఎక్స్‌ట్రాక్ట్' అని చూసి మద్యం ముట్టనివాళ్ళు కంగారుపడనక్కర్లేదు. టింక్చర్ సంగతి వేరు, అందులో ఆల్కహాల్ అలాగే ఉంటుంది.

ఇప్పుడు మార్కెట్లో దొరికే రూపాలను ఒకసారి చూద్దాం. తమిళనాడు ప్రభుత్వం 2012లో డెంగీ సమయంలో పెద్దయెత్తున పంచిన నిలవేంబు కుడినీర్ పూర్తిగా నీటి కషాయం. నేలవేముతో పాటు వట్టివేరు, గంధం, శొంఠి, మిరియాలు, తుంగముస్తలు లాంటివి కలిపి తొమ్మిది సరుకులు పడతాయి. దాన్ని తాగి మేలు కలిగిందని ఎవరైనా అంటే ఆ మేలును ఆల్కహాల్ సారపు ప్రయోగాలతో ముడిపెట్టడానికి లేదు, రెండూ వేరు సరుకులు.

ఆయుర్వేదంలో ఆసవాలు, అరిష్టాలు మధ్యరకం. బెల్లం, ధాతకీ పూలు వేసి పులియబెడితే ఆల్కహాల్ బయటినుంచి కలపకుండానే లోపలే పుడుతుంది, మామూలుగా 5 నుంచి 10 శాతం. నీళ్ళలో దిగని వాటిని కొంతైనా దింపడానికి, సరుకు చెడిపోకుండా ఉండడానికి ఆ కాస్త ఆల్కహాల్ పనికొస్తుంది. ఆండ్రోగ్రాఫోలైడ్ విషయంలో అయితే ఆ శాతం చాలా తక్కువ.

హోమియో షాపులో 'క్యూ' అని దొరికే మదర్ టింక్చర్ నిజంగా ఆల్కహాల్ సారమే. దీన్ని పలచన చేసుకుంటూ పోయే పొటెన్సీల మీద నాకు నమ్మకం లేదు. చాలాసార్లు పలచన చేశాక అందులో మొక్క మిగలదు, కాబట్టి ఆ చర్చకు ఇక్కడ చోటు లేదు. మదర్ టింక్చర్‌లో మాత్రం మొక్క ఉంటుంది. ఎంత ఉంటుందో లెక్క వేద్దాం. ఒక వంతు మొక్కకు పది వంతుల టింక్చర్ అనుకుంటే ఒక మిల్లీలీటరులో 100 మిల్లీగ్రాముల ఆకు బలం ఉన్నట్టు. ఆల్కహాల్ చుక్క నీటి చుక్క కంటే చిన్నది కాబట్టి 20 చుక్కలు ఒక మిల్లీలీటరుకు మించవు. ఆకులో ఒకటి నుంచి మూడు శాతం ఉందనుకుని, అదంతా దిగిందనుకున్నా ఒక్క డోసులో 1 నుంచి 3 మిల్లీగ్రాముల ఆండ్రోగ్రాఫోలైడ్. రోజుకు మూడుసార్లు వేసుకుంటే 3 నుంచి 9 మిల్లీగ్రాములు.

ఈ అంకెను గుర్తుపెట్టుకోండి. జలుబు మీద ట్రయల్స్ (మనుషుల మీద మందు పరీక్షలు) జరిగిన స్వీడన్ మాత్ర కాన్ జాంగ్‌లో రోజు మోతాదు సుమారు 60 మిల్లీగ్రాములు. అందులో సైబీరియన్ జిన్సెంగ్ కూడా కలిసి ఉంటుంది. కోవిడ్ సమయంలో థాయ్‌లాండ్ సూచించింది రోజుకు 180 మిల్లీగ్రాములు. కాబట్టి 20 చుక్కల టింక్చర్ వేసుకుంటూ "దీని మీద అంతర్జాతీయ ట్రయల్స్ ఉన్నాయి" అనుకోవడం కుదరదు. ఆ ట్రయల్స్ పదీ ఇరవై రెట్ల మోతాదు మీద జరిగాయి.

ఇక ల్యాబ్ ఫలితాలు. ఎక్కువ గందరగోళం పుట్టేది ఇక్కడే. నేలవేము సారం మీద వచ్చిన పత్రాల్లో అధికభాగం గాజుపాత్రలో పెంచిన కణాల మీదో, ఎలుకల మీదో చేసినవి. ఆండ్రోగ్రాఫోలైడ్ వాపును ఎలా తగ్గిస్తుందన్న దాని మీద మంచి పని జరిగింది. కణాల్లో వాపు సంకేతాలను నడిపించే ఎన్‌ఎఫ్-కప్పా-బి అనే ప్రోటీన్‌కు ఇది నేరుగా అతుక్కుని దాని పనిని అడ్డుకుంటుందని 2004లో చూపించారు. ఉత్త నమ్మకానికి ఇలాంటి యంత్రాంగం దొరకదు, అందుకే ఫార్మా కంపెనీలు కూడా దీని వైపు చూశాయి.

అయితే పాత్రలోని కణాల మీద పోసే గాఢత మనిషి రక్తంలో వస్తుందా? కాన్ జాంగ్ మాత్రలు నాలుగు వేసుకున్న వాళ్ళ రక్తంలో, అంటే 20 మిల్లీగ్రాముల ఆండ్రోగ్రాఫోలైడ్ తర్వాత, గరిష్ఠంగా మిల్లీలీటరుకు సుమారు 393 నానోగ్రాములు కనిపించింది. రసాయన భాషలో చెబితే ఒక మైక్రోమోలార్ (గాఢతకు కొలమానం) కంటే కాస్త ఎక్కువ. ల్యాబ్ పాత్రల్లో క్యాన్సర్ కణాలు చచ్చాయనో, వైరస్ ఆగిందనో చెప్పే ఫలితాల్లో చాలావాటికి పది మైక్రోమోలార్లు, అంతకు పైన వాడతారు. పేగు నుంచి రక్తంలోకి వెళ్ళే దారిలోనే చాలా భాగం రూపం మారిపోతుంది. ఎలుకల్లో చేసిన ఒక కొలతలో నోటితో ఇచ్చినదాంట్లో మూడు శాతం కూడా అసలు రూపంలో రక్తానికి చేరలేదు. పాత్రలో గెలిచిన మందు ఒంట్లోకి వచ్చేసరికి బలం తగ్గడంలో వింతేమీ లేదు.

ఎలుకల లెక్క ఇంకా సరదాగా ఉంటుంది. షుగర్, కాలేయం ప్రయోగాల్లో కిలో బరువుకు 400 మిల్లీగ్రాముల సారం లాంటి మోతాదులు మామూలే. ఎలుక మోతాదును అలాగే తెచ్చి మనిషికి పెట్టకూడదు. శరీర ఉపరితలాన్ని బట్టి సుమారు 6.2తో భాగించాలన్నది మందుల పరిశోధనలో వాడే సూత్రం. అంటే మనిషికి కిలోకు 64 మిల్లీగ్రాములు చొప్పున, 60 కిలోల మనిషికి దాదాపు 3.9 గ్రాముల సారం. ఎండు ఆకు బరువులో పదో వంతు సారంగా వస్తుందనుకుంటే రోజుకు 39 గ్రాముల ఎండు ఆకు కావాలి. పచ్చి ఆకు లెక్కలో దోసిళ్ళ కొద్దీ. పెరట్లో తెంపిన నాలుగు ఆకులు ఈ లెక్కలో ఎక్కడా కనపడవు.

మనుషుల మీద జరిగిన వాటిలో జలుబు, గొంతునొప్పి, దగ్గు మీదవే ఎక్కువ. 2017లో వచ్చిన ఒక సమగ్ర సమీక్ష 33 ట్రయల్స్‌ను, మొత్తం 7,175 మందిని లెక్కలోకి తీసుకుంది. దగ్గు, గొంతునొప్పి కాస్త త్వరగా తగ్గుతున్నట్టు కనిపించింది. వాటిలో చాలా ట్రయల్స్ నాణ్యత బాగాలేదని ఆ సమీక్షే చెప్పింది. నా అంచనాలో నేలవేముకు ఉన్న రుజువుల్లో కాస్త నిలబడేది ఇదొక్కటే. ఎలాగూ వారంలో తగ్గే జబ్బు ఒకట్రెండు రోజులు ముందు తగ్గొచ్చు, అంతకుమించి పెద్దగా ఆశించలేం.

ఆల్కహాల్ సారాన్ని అసలైన మందులా పరీక్షించిన కథ పెద్దపేగు పుండ్ల జబ్బు అల్సరేటివ్ కొలైటిస్‌ది. హెచ్‌ఎంపీఎల్-004 అనే పేరుతో ఇథనాల్, నీళ్ళతో తీసిన నేలవేము సారాన్ని 2013లో ప్రచురితమైన రెండో దశ ట్రయల్‌లో 224 మంది మీద 8 వారాలు చూశారు. రోజుకు 1,800 మిల్లీగ్రాములు తీసుకున్నవాళ్ళలో 60 శాతం మందికి గుణం కనిపించింది. మందు లేని ఉత్తుత్తి మాత్ర వేసుకున్నవాళ్ళలో కూడా 40 శాతం మందికి కనిపించింది. 1,200 మిల్లీగ్రాములైతే 45 శాతమే. అంటే అదే సారం మోతాదు మూడో వంతు తగ్గితే ఉత్తుత్తి మాత్రకు దగ్గరికి వచ్చేసింది. 1,800 దగ్గర వచ్చిన ఆశతో మూడో దశ ట్రయల్ మొదలుపెట్టారు. మధ్యలో లెక్కలు చూసి, చివరిదాకా నడిపినా ఫలితం తేలదని 2014లో ఆపేశారు. రెండో దశ ఫలితం మన వెబ్‌సైట్లలో ఇప్పటికీ తిరుగుతుంటుంది. మూడో దశ ఊసు ఎవరూ ఎత్తరు.

థాయ్‌లాండ్‌లో జరిగింది ఇంకో రకం. అక్కడ ఫా తలాయ్ జోన్ పేరుతో ఇది ఇంటింటి మందు. కోవిడ్ తీవ్రత లేని రోగులకు వాడడానికి 2020 డిసెంబరులో ప్రభుత్వం అనుమతించింది. తర్వాత ఒక చిన్న అధ్యయనం బయటికొచ్చింది. సారం తీసుకున్న 29 మందిలో ఒక్కరికీ న్యుమోనియా రాలేదు, తీసుకోని 28 మందిలో ముగ్గురికి వచ్చింది. సున్నా, మూడు అని పక్కపక్కన రాస్తే పెద్ద తేడాలా ఉంటుంది, కానీ అంత కొద్దిమందిలో అది కాకతాళీయంగా కూడా రావొచ్చు. గణాంకాల లెక్కలో తప్పు జరిగిందని తేలడంతో రచయితలే 2021 ఆగస్టులో దాన్ని వెనక్కి తీసుకున్నారు. మొక్క పనిచేయదని దీనితో రుజువైందని అనుకోనక్కర్లేదు, పనిచేస్తుందని చూపిన కాగితం ఒకటి తగ్గింది, అంతే.

బలం పెరిగితే దుష్ఫలితాలూ పెరుగుతాయి. అమెరికాలో ఆండ్రోగ్రాఫోలైడ్‌ను హెచ్‌ఐవీ మీద పరీక్షించిన ట్రయల్ 2000లో ప్రచురితమైంది. కిలోకు 5 మిల్లీగ్రాములతో మొదలుపెట్టి 10కి పెంచి, తర్వాత 20కి తీసుకెళ్దామనుకున్నారు. 60 కిలోల మనిషికి 10 అంటే రోజుకు 600 మిల్లీగ్రాములు. దుష్ఫలితాలతో ఆరు వారాలకే ఆపాల్సి వచ్చింది. ఒకరికి అనాఫిలాక్సిస్, అంటే ప్రాణం మీదికి వచ్చే అలర్జీ, వచ్చింది. ఆస్ట్రేలియా ఔషధ నియంత్రణ సంస్థ టీజీఏ కూడా నేలవేము ఉన్న మాత్రలతో తీవ్రమైన అలర్జీల ఫిర్యాదులు రావడంతో హెచ్చరికలు జారీ చేసింది. నాలుక రుచి పోయిందన్న ఫిర్యాదులు కూడా అక్కడ వచ్చాయి. చైనాలో ఇంకో అడుగు ముందుకేసి ఆండ్రోగ్రాఫోలైడ్‌ను నీళ్ళలో కరిగేలా రసాయనికంగా మార్చి షియాన్‌పింగ్ అనే ఇంజెక్షన్ చేశారు. వేసుకున్నవాళ్ళకు చలి, జ్వరం వస్తున్నాయని 2017 సెప్టెంబరులో అక్కడి నియంత్రణ సంస్థ దాన్ని వెనక్కి రప్పించింది. మొక్క నుంచి వచ్చింది కదా అని శరీరం ఊరుకోదు.

తాతల కాలంనుంచి కషాయం తాగుతున్నాం, ఏమీ కాలేదు అనే వాదన ఇక్కడ తిరగబడుతుంది. కషాయంలో తక్కువ దిగింది కాబట్టే ఏమీ కాకపోయి ఉండొచ్చు. ఆ అనుభవం చూపించి క్యాప్సూల్‌కు కూడా భయం లేదనడం పొరపాటు. క్యాప్సూల్ ట్రయల్ చూపించి కషాయం పనిచేస్తుందనడం ఎంత తప్పో ఇదీ అంతే తప్పు.

జంతు ప్రయోగాల్లో గర్భం మీద, సంతానోత్పత్తి మీద చెడు ప్రభావాలు కనిపించడంతో గర్భిణులకు ఇది వద్దంటారు, పాలిచ్చే తల్లులకు కూడా. ల్యాబ్‌లో ప్లేట్‌లెట్లు ఒకదానికొకటి అతుక్కోవడాన్ని ఆండ్రోగ్రాఫోలైడ్ తగ్గించింది. రక్తం పలచబడే మందులు వాడేవాళ్ళు ఈ ఒక్క కారణానికైనా డాక్టర్‌ను అడగాలి. డెంగీలో ప్లేట్‌లెట్లు పడిపోయి ఉన్నవాళ్ళు సొంతంగా గట్టి సారం వేసుకోవడం నాకు అస్సలు నచ్చని ఆలోచన. బీపీ, షుగర్ మాత్రలతో కలిస్తే అవి అవసరానికి మించి తగ్గే అవకాశం కూడా ఉంది.

యూట్యూబ్ చూసి ఇంట్లోనే టింక్చర్ చేసుకునేవాళ్ళు ఈమధ్య ఎక్కువయ్యారు. ఆకును వదిలేయండి, అసలు ఏ ఆల్కహాల్ వాడుతున్నారన్నదే పెద్ద ప్రమాదం. పరిశ్రమల స్పిరిట్‌లో, కొన్ని శానిటైజర్లలో మిథనాల్ ఉండొచ్చు. కొంచెం తాగినా చూపు పోతుంది, ప్రాణమూ పోతుంది. 2020 జూలై చివర్లో ప్రకాశం జిల్లా కురిచేడులో మద్యం దొరక్క శానిటైజర్ తాగి పదిమందికి పైగా చనిపోయిన సంగతి మనకు తెలిసిందే. పరిశోధన పత్రంలో 'మిథనాలిక్ ఎక్స్‌ట్రాక్ట్' అని రాసి ఉంటే అది ల్యాబ్‌లో పూర్తిగా ఆవిరి చేసి, పరీక్షించి వాడినదని అర్థం చేసుకోవాలి. వంటింట్లో అలా ఆవిరి చేయడానికి, మిగిలిందెంతో కొలవడానికి సాధనాలు ఉండవు. మిథనాల్ తొందరగా అంటుకుంటుంది కూడా.

కొనేవాళ్ళు సీసా వెనక్కి తిప్పి చూడాల్సింది ఒక్క అంకె: ఒక్కో మాత్రలో ఆండ్రోగ్రాఫోలైడ్ ఎన్ని మిల్లీగ్రాములు. అది ఉంటే పైన చెప్పిన 60తో, 180తో పోల్చుకోవచ్చు. 'ఎక్స్‌ట్రాక్ట్ 500 మి.గ్రా.' అని మాత్రమే ఉంటే అందులో అసలుది 10 మిల్లీగ్రాములు ఉండొచ్చు, 150 కూడా ఉండొచ్చు. '10:1' అని రాస్తే పది కిలోల ఆకు నుంచి ఒక కిలో సారం తీశారని తెలుస్తుంది కానీ నీళ్ళతో తీశారా ఆల్కహాల్‌తోనా అన్నది తెలియదు. మొక్క బొమ్మ, వంద శాతం సహజం అన్న ముద్ర ఎంత పెద్దగా ఉన్నా ఈ లోటును పూడ్చవు. వాడడం మొదలుపెట్టాక ఒంటి మీద దద్దుర్లు, పెదాల వాపు, ఊపిరి ఆడకపోవడం లాంటివి కనిపిస్తే ఆపేసి వెంటనే ఆస్పత్రికి వెళ్ళాలి. ఇతర జబ్బులకు మందులు వాడుతున్నవాళ్ళు డాక్టర్ దగ్గర "నేలవేము వాడుతున్నానండీ" అని ఊరుకోకుండా ఆ సీసాను కూడా పట్టుకెళ్ళి చూపించాలి. ఆ పేరు విని డాక్టర్ కషాయం అనుకునే అవకాశమే ఎక్కువ.